గ్రాఫీన్ గెలిచినా షేరు గెలవకపోవచ్చు: కొత్త పదార్థాల కంపెనీలపై చిన్న మదుపరుల ఆశలు

క్లుప్తంగా

ఒక కొత్త పదార్థానికి గిరాకీ ఉండడం ఒక సంగతి. దాన్ని తయారుచేసే కంపెనీ లాభపడడం రెండో సంగతి. ఇవాళ ఆ కంపెనీ షేరు కొన్న మనిషి లాభపడడం మూడో సంగతి. గ్రాఫీన్ అనే అతి పలుచని కార్బన్ పొర, రేర్ ఎర్త్ అనే లోహ మూలకాలతో చేసే అయస్కాంతాలు, కార్బన్ ఫైబర్ వంటి పేర్లు వినిపించినప్పుడల్లా చిన్న మదుపరులు మొదటిదాన్ని చూసి మూడోదాన్ని నమ్ముతున్నారు. ఈ మూడింటి మధ్య దూరం పెరగడానికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి ప్రయోగశాల నుంచి కర్మాగారానికి చేరడానికి పట్టే కాలం, రెండోది ఆ కాలమంతా ఖర్చుల కోసం కంపెనీ జారీ చేస్తూ పోయే కొత్త షేర్లు.

ఆశకు నేల కూడా కారణమే

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారికి ఖనిజాల మాట కొత్త కాదు. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. గరివిడి ఫెర్రో అల్లాయ్ (ఉక్కు తయారీలో కలిపే ఇనుప మిశ్రమం) ఫర్నేసుల మీద కొన్ని తరాల కుటుంబాలు బతికాయి. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లలో గ్రాఫైటు ఉంటుంది. భీమిలి నుంచి గార, కళింగపట్నం మీదుగా భావనపాడు దాకా ఉన్న తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, వాటితో పాటు మోనజైట్ దొరుకుతాయి. టైటానియానికి ముడిసరుకు ఇల్మనైట్ అయితే, రేర్ ఎర్త్ మూలకాలకు, థోరియానికి ముడిసరుకు మోనజైట్.

ఇలాంటి చోట అధునాతన పదార్థాలు అనే మాట ఎక్కడో విదేశీ వ్యవహారంలా కాక, మన కాళ్ల కింది సంపదకు కొత్త పేరులా వినిపించడం సహజం. దానికి వార్తలూ తోడయ్యాయి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టడంతో వాహన తయారీ సంస్థలు అయస్కాంతాల కోసం తడుముకోవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అప్పటికే ఫోనులో పది నిమిషాల్లో, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచే సౌకర్యం జిల్లా కేంద్రాలను దాటి మండలాలకు చేరింది.

వీటన్నిటినీ కలిపి అల్లుకునే వాదన ఇలా ఉంటుంది: మన ఒడ్డున ఇసుక ఉంది, దేశానికి అయస్కాంతాలు కావాలి, ఫలానా కంపెనీ అయస్కాంతాలు చేస్తానంటోంది, కాబట్టి ఆ షేరు పెరుగుతుంది. ఇందులో మొదటి మూడు మాటలూ నిజమే కావచ్చు, కానీ వాటి నుంచి నాలుగోది రాదు. మోనజైట్ అణు ఖనిజం. దాని వ్యవహారం ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ చేతిలో ఉంటుంది. తీరపు ఇసుక తవ్వకంలో ప్రైవేటు లీజులకు 2019లో కేంద్రం స్వస్తి చెప్పింది. ఇసుక నుంచి మోనజైట్‌ను వేరుచేయడం, దాని నుంచి ఆక్సైడ్లను విడదీయడం, ఆక్సైడ్లను లోహంగా, లోహాన్ని మిశ్రమంగా, మిశ్రమాన్ని అయస్కాంతంగా మార్చడం వేర్వేరు పరిశ్రమలు. వాటిలో ప్రతిదానికీ ప్రత్యేకమైన నైపుణ్యం కావాలి. ఇక కేంద్ర పథకం ఏడాదికి మొత్తం 6,000 టన్నుల సామర్థ్యానికి పరిమితం. అది కూడా బిడ్డింగులో నెగ్గిన గరిష్ఠంగా ఐదు సంస్థలకే దక్కుతుంది. పథకం వార్త రాగానే పేరులో ‘మాగ్నెట్’ అనో ‘అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్’ అనో ఉన్న కంపెనీల షేర్లు మాత్రం అన్నీ కదులుతాయి. ఐదు కుర్చీల కోసం ఎంతమంది నిలబడ్డారో షేరు ధర చెప్పదు.

ప్రయోగశాలకూ కర్మాగారానికీ మధ్య

గ్రాఫీన్ సంగతి చూస్తే కాలం ఎలా సాగుతుందో అర్థమవుతుంది. ఒక్క పరమాణువు మందం ఉండే ఈ కార్బన్ పొరను మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్ 2004లో గ్రాఫైటు నుంచి వేరుచేసి చూపారు. 2010లో వారికి భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. ఉక్కు కన్నా ఎన్నో రెట్లు బలం, రాగిని మించి వేడిని ప్రసరింపజేసే గుణం ఉన్నాయన్న వర్ణనలు అప్పటి నుంచి ప్రతి కంపెనీ ప్రచార పత్రంలోనూ కనిపిస్తున్నాయి. ఆ గుణాలు నిజమే, అయితే అవి లోపం లేని ఒక్క పొరకు చెందినవి. మార్కెట్లో టన్నుల లెక్కన అమ్మే పొడికి అవే గుణాలు ఉంటాయన్న భరోసా లేదు. 60 సంస్థలు గ్రాఫీన్ పేరుతో అమ్ముతున్న సరుకును పరిశీలించి 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, చాలా నమూనాల్లో అసలు గ్రాఫీన్ పది శాతం కూడా లేదని, మిగతాది ప్రధానంగా సన్నని గ్రాఫైటు పొడేనని తేలింది. ఒక్క నమూనాలోనూ అది సగానికి మించలేదు.

నాణ్యమైన సరుకు తయారైనా, కొనేవాడి దగ్గర రెండో పరీక్ష మొదలవుతుంది. రంగులు, టైర్లు, బ్యాటరీలు, సిమెంటు తయారుచేసే సంస్థలు ఇప్పటికే పనిచేస్తున్న ఒక పదార్థంతో వ్యాపారం నడుపుతున్నాయి. కొత్త పదార్థం కొంచెం మెరుగ్గా ఉన్నంత మాత్రాన అవి మారవు. నెలల తరబడి నమూనాలు పరీక్షించి, అందులోనూ ప్రతి బ్యాచ్ ఒకేలా ఉందో లేదో చూసి, సరఫరాదారు పదేళ్లు నిలబడతాడా అని కూడా ఆలోచించాకే ఆర్డరిస్తాయి. విమాన, వైద్య రంగాల్లో ఇది ఏళ్ల పని. పైగా గ్రాఫీన్ వంటివి చాలా ఉత్పత్తుల్లో ఒక శాతం కన్నా తక్కువే కలుపుతారు. అంటే పరిశ్రమ అంతా మారినా అమ్ముడయ్యే టన్నులు కొద్దిగానే ఉండవచ్చు. బ్రిటన్‌లో డరమ్ విశ్వవిద్యాలయం పరిశోధన నుంచి పుట్టిన అప్లైడ్ గ్రాఫీన్ మెటీరియల్స్ 2013లో, చిన్న కంపెనీల షేర్ల కోసం ఉన్న లండన్ ఎయిమ్ మార్కెట్లో లిస్టయింది. పదేళ్లకు, 2023లో, దాని వ్యాపారాన్ని మరో సంస్థకు అమ్మివేయవలసి వచ్చింది. ఆ పదేళ్లలో గ్రాఫీన్ మీద శాస్త్రం ముందుకే సాగింది తప్ప వెనక్కి పోలేదు.

గెలిచిన పదార్థం కథ కూడా ఇంత నిదానమైనదే. జపాన్‌కు చెందిన టోరే సంస్థ 1971లో కార్బన్ ఫైబర్‌ను వాణిజ్య స్థాయిలో తయారుచేయడం మొదలుపెట్టింది. బరువులో సగం దాకా కాంపోజిట్లతో (కార్బన్ ఫైబర్ వంటివి కలిపి చేసే మిశ్రమ పదార్థాలతో) తయారైన బోయింగ్ 787 విమానం ప్రయాణికులను ఎక్కించుకున్నది 2011లో. ఈ నలభై ఏళ్లూ టోరే నిలబడగలిగిందంటే దాని అసలు వ్యాపారం వస్త్ర నూలు కావడం వల్ల. తొలి దశలో ఆ ఫైబర్‌ను చేపల గేలపు కర్రలకూ గోల్ఫ్ కర్రలకూ అమ్ముకుంటూ, విమానాల రోజు కోసం ఆగగలిగింది. హైదరాబాదులోని మిధానిది మరో దారి. ప్రత్యేక లోహ మిశ్రమాల కోసం 1973లో ప్రభుత్వ సొమ్ముతో ఏర్పడిన ఈ సంస్థ షేర్లు ప్రజల ముందుకు వచ్చింది 2018లో. మొదటి నలభై అయిదేళ్ల ఓపికను ఖజానా భరించింది. ఇప్పుడు చిన్న మదుపరుల ముందుకు వస్తున్న కంపెనీల్లో చాలావాటికి వెనక నూలు మిల్లూ లేదు, ఖజానా లేదు. ఓపిక ఖర్చును భరించవలసింది వాటాదారులే.

ఎదురుచూడడం ఈ ప్రాంతానికి అలవాటు లేనిది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చాక ఉద్దానం రైతులు మళ్లీ మొక్కలు నాటి ఏళ్ల తరబడి వేచి ఉన్నారు. అయితే కొబ్బరి ఎన్నేళ్లకు కాపుకొస్తుందో వారికి తెలుసు.

గిరాకీ ఉన్నా ఫర్నేసు ఆగుతుంది

పదార్థం అవసరమైనదైతే కంపెనీకి లాభం తప్పదన్న ఊహకు సమాధానం గరివిడి, బొబ్బిలి ప్రాంతాల్లోనే ఉంది. ఉక్కు తయారైనంత కాలం ఫెర్రో మాంగనీసు, సిలికో మాంగనీసు కావాలి. అది ఎవరూ కాదనలేని గిరాకీ. అయినా ఫెర్రో అల్లాయ్ ఫర్నేసు వెలగాలా ఆరాలా అన్నది కరెంటు యూనిట్ ధర, ఖనిజం ధర, అంతర్జాతీయ మార్కెట్లో మిశ్రమం ధర కలిసి తేలుస్తాయి. ఉత్పత్తి ఖర్చులో విద్యుత్తుది పెద్ద వాటా కాబట్టి చార్జీలు పెరిగితే, ఆర్డర్లు ఉన్నా నష్టానికి నడపడం కన్నా ఆపడమే మేలనిపించే రోజులు వస్తాయి.

కొత్త పదార్థాలకు ఈ లెక్క ఇంకా కఠినంగా పనిచేస్తుంది. కార్బన్ ఫైబర్, సింథటిక్ గ్రాఫైటు, టైటానియం స్పాంజి తయారీకి వేడి, కరెంటు విపరీతంగా కావాలి. చిన్న ప్లాంటులో కిలో తయారీ ఖర్చు పెద్ద ప్లాంటు కన్నా ఎక్కువ పడుతుంది. పెద్ద ప్లాంటు కట్టాలంటే ముందు ఆర్డర్లు కావాలి, ఆర్డర్లు రావాలంటే ధర తగ్గాలి, ధర తగ్గాలంటే పెద్ద ప్లాంటు కావాలి. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచడానికి పెద్ద మొత్తంలో బయటి డబ్బు కావాలి.

ఒక పెద్ద కొనుగోలుదారు దొరికితే చక్రం తెగుతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్‌కు అలాగే దొరికాడు. నీలమణి స్ఫటికాలను పెంచే ఫర్నేసులు తయారుచేసే ఈ సంస్థ, 2013 నవంబరులో యాపిల్‌కు స్వయంగా ఆ స్ఫటికాన్నే సరఫరా చేయడానికి ఒప్పుకుంది. అందుకు యాపిల్ విడతలవారీగా 57.8 కోట్ల డాలర్ల ముందస్తు సొమ్ము ఇవ్వడానికి అంగీకరించింది. ఐఫోన్ తెర నీలమణితో వస్తుందన్న నమ్మకంతో షేరు పరుగెత్తింది. కానీ అరిజోనాలోని మెసా ప్లాంటులో భారీ స్ఫటికాలు ఆశించిన నాణ్యతతో, ఆశించినన్ని రాలేదు. నాణ్యతా లక్ష్యాలు అందకపోవడంతో ఆఖరి విడత సొమ్ము ఆగిపోయింది. 2014 సెప్టెంబరులో ఐఫోన్ 6 నీలమణి తెర లేకుండానే విడుదలైంది. అక్టోబరు 6న కంపెనీ దివాలా రక్షణ కోరింది. దాదాపు 11 డాలర్ల షేరు ఒక్క రోజులో డాలరు కన్నా కిందికి పడిపోయింది. గమనించవలసిందేమిటంటే, ఇక్కడ పదార్థం బూటకం కాదు, ఒప్పందం బూటకం కాదు, కొనుగోలుదారు ప్రపంచంలోనే అత్యంత ధనిక సంస్థల్లో ఒకటి. అయినా వాటాదారు మునిగాడు.

వంద గజాలు, వెయ్యి షేర్లు

ఈ జిల్లాల మదుపరి షేరును తనకు తెలిసిన రెండు వాటితో పోల్చుకుంటాడు. ఒకటి చీటీ, రెండోది స్థలం. చీటీకి గడువు ఉంటుంది. ఎవరు పాడుకున్నా, చివరి నెలకైనా తన వంతు వస్తుంది. షేరుకు అలాంటి గడువేదీ లేదు. ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది స్థలంతో పోలిక. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే నెలలో మరోసారి శంకుస్థాపన జరిగింది. ఆ ఆశతో ముందే ప్లాటు కొన్నవారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కానీ అన్నేళ్లూ వంద గజాలు వంద గజాలుగానే ఉన్నాయి. అదే ఓపికతో పట్టుకున్న వెయ్యి షేర్లు కాగితం మీద వెయ్యిగానే ఉంటాయి గాని, కంపెనీలో అవి సూచించే భాగం మాత్రం తరిగిపోతుంది.

ఒక ఊహా లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కంపెనీకి 2 కోట్ల షేర్లు ఉన్నాయి, ధర 100 రూపాయలు అనుకుందాం. కంపెనీ మార్కెట్ విలువ 200 కోట్లు. ఒక మదుపరి లక్ష రూపాయలు పెట్టి వెయ్యి షేర్లు కొన్నాడు. పైలట్ (ప్రయోగాత్మక) ప్లాంటు కోసం కంపెనీ కోటి కొత్త షేర్లు, తర్వాత పెద్ద ప్లాంటు కోసం మరో 3 కోట్ల షేర్లు అదే 100 రూపాయల ధరకు జారీ చేసి 400 కోట్లు సమకూర్చుకుంది. ఏడేళ్లకు అనుకున్నది జరిగింది. ప్లాంటు నడుస్తోంది, ఏటా 30 కోట్ల లాభం వస్తోంది. మార్కెట్ ఆ లాభానికి ఇరవై రెట్లు విలువ కట్టింది. కంపెనీ విలువ 600 కోట్లు, అంటే మొదటికి మూడు రెట్లు. కానీ షేర్లు ఇప్పుడు 6 కోట్లు. ఒక్కో షేరు ధర 100 రూపాయలే. మదుపరి లక్ష, లక్షగానే ఉంది. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసిన లక్ష ఈ ఏడేళ్లలో సుమారు 1.6 లక్షలయ్యేది. ఈ లెక్కలో మోసం లేదు, అబద్ధపు ప్రకటన లేదు, వైఫల్యం కూడా లేదు. ప్లాంటు ఆలస్యమైతే, కొత్త షేర్లను 100కు కాక 40కి అమ్ముకోవలసి వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

కొత్త షేర్లు ఏ దారిలో వస్తాయన్నది కూడా ముఖ్యమే. రైట్స్ ఇష్యూలో పాత వాటాదారులకూ కొనే హక్కు ఉంటుంది, అయితే తన వాటా నిలుపుకోవాలంటే మళ్లీ చేతి డబ్బు పెట్టాలి. ప్రిఫరెన్షియల్ ఇష్యూలో షేర్లు ఎంపిక చేసిన కొందరికే వెళతాయి. వారంట్ల (నిర్ణీత ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కుల) పద్ధతిలో, తీసుకునేవారు ధరలో 25 శాతం ముందు చెల్లించి, మిగతాది 18 నెలల్లోగా కట్టే వీలుంది. ఈలోగా షేరు పెరిగితే పూర్తి సొమ్ము కట్టి షేర్లు తీసుకుంటారు, పడిపోతే ముందు కట్టినది వదులుకుంటారు. అందువల్ల వారంట్లు జారీ అయిన నాటి నుంచి గడువు ముగిసే దాకా శుభవార్తల మీద ఎవరికి ఎక్కువ ఆసక్తి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

సర్క్యూట్ల మధ్య చిక్కిన ధర

చిన్న కంపెనీల షేర్లలో ఎక్కువ భాగం ప్రమోటర్ల దగ్గర, కొద్దిమంది పెద్ద మదుపరుల దగ్గర ఉంటుంది. రోజూ చేతులు మారేవి స్వల్పం. అందుకే కొద్దిపాటి కొనుగోళ్లకే ధర ఎగురుతుంది. ఇలాంటి షేర్లకు ఎక్స్ఛేంజీలు రోజుకు 2, 5, 10, 20 శాతం చొప్పున హద్దులు పెడతాయి. 5 శాతం హద్దున్న షేరు వరసగా పది రోజులు అప్పర్ సర్క్యూట్ (పై హద్దు) తాకితే 100 రూపాయలు సుమారు 163 అవుతాయి. ఆ పది రోజులూ కొనాలన్నవారికి షేరు దొరకదు. దొరకకపోవడమే కోరికను పెంచుతుంది. ఆ తర్వాత వరసగా పది రోజులు లోయర్ సర్క్యూట్ తాకితే ధర 98 కన్నా కిందికి చేరుతుంది, ఈసారి అమ్మాలన్నవారికి కొనేవాడు దొరకడు. టెలిగ్రామ్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ తీసి చూపేది మొదటి పది రోజులనే.

పడిపోయాక చాలామంది చేసే పని ‘యావరేజ్’ చేయడం. 100కు కొన్నది 60కి వచ్చిందని మళ్లీ కొని, సగటు తగ్గిందని సంతృప్తి పడతారు. లాభాల్లో ఉన్న కంపెనీ తాత్కాలికంగా పడితే ఇది అర్థవంతమే. లాభమే లేని కంపెనీకి అసలు విలువ ఎంతో తేల్చే కొలత లేదు గనుక 60 చవకో కాదో చెప్పడం అసాధ్యం. నిజానికి ఇక్కడ తగ్గేది సగటు ధర, పెరిగేది ఒకే కంపెనీలో చిక్కుకున్న సొమ్ము.

ఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) విభాగంలో ఐపీఓలకు, అంటే ప్రజలకు తొలిసారి షేర్లు అమ్మడానికి, వచ్చే కంపెనీల మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు బిగించింది. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో కనీసం రెండింటిలో కోటి రూపాయల నిర్వహణ లాభం ఉండాలన్నది అందులో ఒకటి. దరఖాస్తు కనీస మొత్తాన్ని రెండు లక్షలకు పైబడి ఉండేలా 2025లో పెంచడంలో ఉద్దేశం చిన్న మదుపరిని ఈ రిస్కు నుంచి దూరంగా ఉంచడమే. ఇద్దరు ముగ్గురు బంధువులు డబ్బు కలిపి ఒకరి పేరున దరఖాస్తు చేస్తే ఆ కంచె ఎంతవరకు ఆపుతుందన్నది వేరే ప్రశ్న.

ప్రకటనలో ఉన్నదీ లేనిదీ

ఎక్స్ఛేంజీకి ఇచ్చే ప్రకటనలు సాధారణంగా అబద్ధాలు కావు. చిక్కంతా మాటల బరువులో ఉంటుంది. అవగాహన ఒప్పందం అంటే కొనుగోలు ఆర్డరు కాదు, దానిలో పరిమాణం, ధర, గడువు ఉండకపోవచ్చు. ‘నమూనాలు పంపాం’ అంటే పరీక్షలో నెగ్గాయని కాదు. ‘ఏడాదికి 500 టన్నుల సామర్థ్యం’ అనే మాటలో ఎన్ని టన్నులు తయారయ్యాయి, ఎన్ని అమ్ముడయ్యాయి అన్నవి లేవు. పేటెంటు అనేది మరొకరు ఆ పద్ధతి వాడకుండా ఆపే హక్కే గాని, ఆ పద్ధతి గిట్టుబాటు అవుతుందన్న హామీ కాదు.

ఆర్థిక ఫలితాల్లో అమ్మకాలకన్నా ముందు చూడదగినది నగదు ప్రవాహ పట్టిక. లాభం చూపిస్తూనే నిర్వహణ నగదు ఏటా మైనస్‌లో ఉంటే, సరుకు అమ్మినట్టు రాసినా డబ్బు చేతికి రావడం లేదని అర్థం కావచ్చు. అమ్మకాల్లో అధిక భాగం సంబంధిత సంస్థలకే జరగడం, ఆడిటరు మధ్యలో తప్పుకోవడం, నిర్మాణంలో ఉన్న ప్లాంటు పద్దు ఏళ్లు గడిచినా అలాగే ఉండిపోవడం, ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టడం కూడా కంపెనీ వెల్లడించే పత్రాల్లోనే కనిపిస్తాయి.

నష్టం ఎవరి దగ్గర ఆగుతుంది

కంపెనీ మూతపడితే 2016 నాటి దివాలా స్మృతి ప్రకారం చెల్లింపుల వరసలో ఈక్విటీ వాటాదారు అందరికన్నా చివర ఉంటాడు. అప్పిచ్చిన బ్యాంకులకే పూర్తిగా రానిచోట అతని దాకా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఈ ప్రాంత ప్రజలకు గుర్తున్న పెద్ద దెబ్బ అగ్రిగోల్డ్. అందులో చిన్న మొత్తాల డిపాజిటర్లకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో, 2021లో కొంత సొమ్ము చెల్లించింది. ఆ జ్ఞాపకంతో, ఏదైనా జరిగితే ప్రభుత్వం చూస్తుందన్న ధీమా షేర్ల విషయంలోనూ కొందరికి ఉంది. కానీ డిపాజిటరు అప్పిచ్చినవాడు, వాటాదారు యజమాని. యజమాని నష్టానికి పరిహారం అడిగే చోటు ఉండదు. వెల్లడిలో తప్పు జరిగిందని, మోసం జరిగిందని అనుకుంటే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. షేరు ధర పడిందన్నది మాత్రం ఫిర్యాదు కిందికి రాదు.

కొత్త పదార్థాల పరిశ్రమ ఈ తీరానికి రాదని దీని అర్థం కాదు. విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్ రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాల ప్లాంటు 2023 మేలో జాతికి అంకితమైంది. అది సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేసేందుకు ఉద్దేశించినది, ఏటా దాని సామర్థ్యం 3,000 కిలోలు. అంటే మూడు టన్నులు. కేంద్రం లక్ష్యంగా పెట్టుకున్న 6,000 టన్నుల పక్కన ఆ అంకెను ఉంచి చూస్తే, దాటవలసిన దూరం ఎంతో, దానికి ఎంత పెట్టుబడి కావాలో, ఆ పెట్టుబడి కోసం లిస్టయిన కంపెనీలు ఇంకెన్ని షేర్లు జారీ చేయవలసి ఉంటుందో ఒక అంచనా వస్తుంది. ప్రధాన విభాగంలో లిస్టయిన ప్రతి కంపెనీ తన వాటాదారుల వివరాల పట్టికను త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లోగా ఎక్స్ఛేంజీకి సమర్పించాలి. మొత్తం షేర్లు ఎన్ని, ఇంకా షేర్లుగా మారవలసిన వారంట్లు ఎన్ని అన్నవి ఆ పట్టికలోనే ఉంటాయి. కొన్ననాటి పట్టికనూ ఇవాళ్టి పట్టికనూ పక్కపక్కన పెట్టుకుంటే, వెయ్యి షేర్లు ఇప్పుడు కంపెనీలో ఎన్నో వంతో తెలిసిపోతుంది.